ఎవల మీద యుద్ధం?

పోయిన సంక్రాంతి తర్వాత మా అక్క కొడుకు సిరిసిల్ల నుంచి చీరల బేరానికి సూరత్ వచ్చాడు. రెండు రోజులు రింగ్‌రోడ్డు మార్కెట్లన్నీ తిరిగి, మూడోనాడు ఊరు చూపించమన్నాడు. చౌక్‌బజార్‌కు తీసుకుపోయాను. తాపీ ఒడ్డున పాత కిల్లా ముందు నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ, "గీడనే గదా మామా, శివాజీ ధర్మయుద్ధం చేసింది?" అన్నాడు.

"ఎవల మీద?" అన్నాను.

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. నేను చరిత్ర పంతుల్ని కాను. నాలుగు సాంచాలు (మరమగ్గాలు) ఉన్న ఇంట్లో పుట్టి, ముప్పై ఏళ్లుగా ఇక్కడ గ్రే గుడ్డ లెక్కలు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయినా తిండి పెట్టిన ఊరి గురించి మనవాళ్లు తప్పు చెప్పుకుంటుంటే ఊరుకోబుద్ధి కాదు.

ముందు ఆ కిల్లా సంగతి. అది శివాజీ కోసమో, శివాజీకి ఎదురుగానో కట్టింది కాదు. 1530లో పోర్చుగీసువాళ్లు సముద్రం మీదుగా వచ్చి సూరత్‌ను తగలబెట్టారు. అలాంటి దాడులు ఆపడానికే 1540ల్లో గుజరాత్ సుల్తాన్ దగ్గర పనిచేసే ఖుదావంద్ ఖాన్ దాన్ని కట్టించాడు. ఆ పోర్చుగీసు ఓడల తెరచాపల మీద ఎర్ర శిలువ ఉండేది. బళ్లో మనం రెండు పేరాల్లో చదివి వదిలేసిన శిలువ యుద్ధాలకూ ఆ గుర్తుకూ చుట్టరికం ఉంది. జెరూసలేం కోసం పోరాడిన టెంపుల్ యోధుల సంఘాన్ని 1312లో పోపు రద్దు చేస్తే, పోర్చుగల్‌లోని వాళ్ల ఆస్తులతో 1319లో క్రీస్తు సంఘం పేరుతో ఇంకొకటి పుట్టింది. ఓడల మీది శిలువ ఆ సంఘానిదే. అంటే శిలువ యుద్ధాల తోక తాపీ దాకా వచ్చిందన్నమాట.

అయితే ఇది మతయుద్ధమే కదా అంటారా? ఆగండి. ఊరు కాలిన నాలుగేళ్లకే గుజరాత్ సుల్తాన్ బహదూర్ షా అదే పోర్చుగీసువాళ్లకు వసాయి రాసిచ్చాడు, మరుసటేడు దీవులో కోట కట్టుకోనిచ్చాడు. ఎందుకంటే మీదికి వస్తున్నవాడు మొఘల్ బాదుషా హుమాయూన్. ముస్లిం మీద ముస్లిం, మధ్యలో సాయానికి క్రైస్తవుడు.  తర్వాత మొఘలుల కాలంలోనూ అంతే. అప్పట్లో సూరత్ మక్కాకు వాకిలి. అక్బర్ మేనత్త గుల్‌బదన్ బేగం హజ్‌కు బయలుదేరి, పోర్చుగీసు అనుమతి చీటీ కోసం దాదాపు ఏడాది ఇక్కడే కాచుకుంది. ఆ చీటీల మీద మరియమ్మ, ఏసు బొమ్మలుండేవి. మతం కోసం యుద్ధమే అయితే హజ్ ఓడను ముంచాలి గానీ, రుసుం తీసుకుని ముద్ర కొట్టి పంపుతారా? 1612లో ఇక్కడికి దగ్గర్లోని సువాలీ తీరంలో ఇంగ్లీషు ఓడలూ పోర్చుగీసు ఓడలూ ఫిరంగులతో కొట్టుకున్నాయి. ఇద్దరూ క్రైస్తవులే. కొట్లాట ఇక్కడి వ్యాపారం ఎవరికి దక్కాలని.

అసలు శిలువ యుద్ధాల్లోనూ ఇంతే. 1099లో జెరూసలేంలో జరిగిన ఊచకోత నిజం, దాని వెనుక భక్తి కూడా నిజమే. కానీ 1204లో శిలువ ధరించినవాళ్లే వెళ్లి క్రైస్తవ నగరం కాన్‌స్టాంటినోపుల్‌ను దోచారు. వెనిస్ షావుకార్లకు ఓడల బాకీ తీర్చాలి మరి. 1229లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ యుద్ధమే లేకుండా సుల్తాన్ అల్ కామిల్‌తో ఒప్పందం రాసుకుని జెరూసలేం తీసుకున్నాడు.

ఇక మా అల్లుడి శివాజీ దగ్గరికి వస్తాను. 1664 జనవరి. అప్పటికి మూడేళ్లకు పైగా మొఘల్ సేనాని షాయిస్తా ఖాన్ సేనలు పుణే చుట్టుపక్కలంతా నాశనం చేశాయి. శివాజీకి డబ్బు కావాలి. మొఘలుల డబ్బంతా సూరత్‌లో ఉంది, ఊరికేమో గట్టి ప్రాకారం లేదు. ఊరి అధికారి ఇనాయత్ ఖాన్ లేని సైనికులకు జీతాలు రాసుకుని తిన్నవాడు. మరాఠాలు వస్తున్నారనగానే వెళ్లి ఈ కిల్లాలోనే దాక్కున్నాడు. శివాజీ ముందే కబురు పంపాడు: అధికారితో పాటు ముగ్గురు పెద్ద వ్యాపారులు వచ్చి సొమ్ము మాట్లాడుకోవాలి, లేకపోతే ఊరు తగలబెడతానని. ఆ ముగ్గురిలో ఇద్దరు హాజీలు. మూడోవాడు వీర్జీ వోరా, జైనుడు, ఇంగ్లీషు కంపెనీకే అప్పులిచ్చిన షావుకారు. ఎవరూ రాలేదు. అప్పుడు హాజీ సయ్యద్ బేగ్ ఇల్లూ తవ్వారు, వీర్జీ వోరా ఇల్లూ తవ్వారు. క్రైస్తవ సన్యాసి అంబ్రోజ్ మఠం జోలికి మాత్రం పోలేదు. తిజోరీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లారు, అంతే. 1670 అక్టోబర్‌లో మళ్లీ వచ్చినప్పుడూ అదే లెక్క. మొదటి దోపిడీ తర్వాత శివాజీ మీదికి ఔరంగజేబు పంపిన సేనాపతి ఎవరు? అంబర్ రాజా జైసింగ్, హిందువే.

ఇదంతా చెప్పి మతం మాటే లేదంటే అదీ అబద్ధమే అవుతుంది. 1669లో సూరత్ ఖాజీ బలవంతపు మతమార్పిడులకు తెగబడితే, వ్యాపారి భీమ్‌జీ పారేఖ్ వెంట ఎనిమిది వేల మంది బనియాలు దుకాణాలు మూసి భరూచ్ వెళ్లిపోయారు. ఊళ్లో వ్యాపారం స్తంభించింది. ఔరంగజేబు హామీ ఇచ్చాకే తిరిగొచ్చారు. ఆ గాయం నిజమైనదే. దాన్ని ఐదేళ్ల కిందటి దోపిడీకి అతికించి ఒకే ధర్మయుద్ధం చేయడం మాత్రం నాకు నచ్చదు.

మన గోల్కొండకు ఇది ఇంకా బాగా తెలియాలి. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చి కుతుబ్‌షాహీ సుల్తాన్ తానీషాతో పొత్తు కలిపాడు. నడిపించింది ఆయన మంత్రులు అక్కన్న మాదన్నలు. కుతుబ్‌షాహీల డబ్బు, ఫిరంగులు తీసుకునే జింజీ, వెల్లూరు మీదికి వెళ్లాడు. ఈ మాట చెబితే మా అల్లుడు ఫోన్ జేబులో పెట్టి, "మరి మాకు గట్ల చెప్పలే గదా మామా" అన్నాడు.

చీరల కోసం సూరత్ వచ్చే మన ఆసాములు ఒక పూట మిగుల్చుకుని చౌక్‌బజార్ రండి. కిల్లాను కార్పొరేషన్‌వాళ్లు బాగుచేసి లోపల మ్యూజియం పెట్టారు. చూపించేవాళ్లు ధర్మయుద్ధం అనగానే తల ఊపకండి. వీర్జీ వోరా ఇల్లు ఎవరు తవ్వారో అడగండి.