సాయం డబ్బు, పాసుపుస్తకంలో పేరు

మన ప్రాంతంలో రైతుకి ప్రభుత్వ సాయం ఎలా మొదలైందో, అది ఎవరి ఖాతాకి చేరుతుందో ఈ నివేదికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

మన తాతల కాలంలో రైతుకి ఇవ్వడం అనే మాటే లేదు, శిస్తు వసూలు చెయ్యడమే. జమీందారీ అడవిలో కట్టెలకీ ఆంక్షలే. 1940 ఏప్రిల్ 1న మందస దగ్గర గుడారి రాజమణిపురంలో ఆ హక్కు కోసం నిలబడ్డ రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అందులో సాసుమాన గున్నమ్మ ప్రాణం ఇచ్చింది. మనం వీర గున్నమ్మ అని చెప్పుకునేది ఆమెనే. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చింది. తర్వాత 1971 చట్టంతో పట్టాదారు పాసుపుస్తకాలు వచ్చాయి. పోరాటంలో ఆడది ముందుంది గానీ, పుస్తకంలో పేరు మాత్రం ఎక్కువ ఇళ్లల్లో మగవాళ్లదే పడింది.

మొదట్లో సాయం వస్తువు రూపంలో వచ్చేది. ఎరువుల తగ్గింపు అలాంటిదే. ప్రభుత్వం కంపెనీకి డబ్బు కడుతుంది, మనకి 45 కిలోల యూరియా బస్తా 270 రూపాయల లోపే దొరుకుతుంది. 2004లో మోటార్లకి ఉచిత కరెంటు వచ్చింది. వీటి లాభం భూమి ఎవరి పేర ఉన్నా సాగు చేసేవాళ్లకి అందింది. సాయం నగదుగా మారాక పేరు లేనిదే పని జరగడం లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ సంగతి మనకి బాగా తెలిసింది. వజ్రపుకొత్తూరు నుంచి కవిటి, ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. చెట్టుకి 1,500 రూపాయల చొప్పున పరిహారం అన్నారు. మా గ్రూపులో ఒక అక్క తోట మామగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి ఏళ్లయింది, భర్త చెన్నైలో కూలి పని. నీళ్లు పోసింది, పిక్కలు ఏరింది ఆమె. జాబితాలో మాత్రం చనిపోయిన ఆయన పేరు. డబ్బు కోసం నెలల తరబడి తిరిగింది.

2019లో కేంద్రం పీఎం కిసాన్ తెచ్చింది. ఏడాదికి 6,000, మూడు విడతలు. అది భూమి ఉన్న కుటుంబాలకే, కౌలుదారులకి రాదు. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రం రైతు భరోసా మొదలుపెట్టింది. కేంద్రం సొమ్ముతో కలిపి 13,500. అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులనీ చేర్చారు. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదటి విడత పడింది. రెండూ కలిపి ఏడాదికి 20,000 అన్నారు. ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి. భూమి కాగితం చూడటం మాత్రం మారలేదు.

మన మగవాళ్లు చాలామంది వలసల్లో ఉన్నారు. నాట్లు, కోతలు, జీడి పిక్కలు ఏరడం మన చేతుల మీదే. కాబట్టి మూడు పనులు చేసుకుందాం.

ఒకటి, ఇంట్లో పట్టాదారు చనిపోతే వారసుల పేరు మార్పుకి వెంటనే దరఖాస్తు పెట్టాలి. భార్య కూడా వారసురాలే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి మన రాష్ట్రంలో 1985 నుంచే వాటా హక్కు ఉంది.

రెండు, కౌలుకి చేసేవాళ్లు 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు తీసుకోవాలి. యజమాని సంతకానికి వెనకాడితే చెప్పండి, ఈ ఒప్పందం 11 నెలలకే, భూమి హక్కు ఆయనదే అని. ఒక్కరే వెళ్లకుండా సంఘంగా వెళ్లి అడుగుదాం.

మూడు, ప్రతి పంటకీ ఈ-క్రాప్‌లో సాగు చేసేవారి పేరే రాయించాలి. తుపాను వచ్చాక వెతుక్కునే కాగితం అదే.

మనం పొదుపు పుస్తకంలో పేరు చూసుకోకుండా సంతకం పెట్టం. భూమి పుస్తకం కూడా ఒకసారి తెరిచి చూడండి. వచ్చే నెల సమావేశానికి పాసుపుస్తకం జిరాక్స్ తెచ్చుకోండి, అందరం కలిసి చూద్దాం.