పెరిటోనియల్ డయాలిసిస్: ఉపద్రవముల వెంట నడచిన చికిత్స

మూత్రపిండములు పని మానినపుడు రక్తమందు నిలిచిపోవు మాలిన్యమును, ఉదరకుహరము నావరించియున్న పెరిటోనియమను పలుచని పొర ద్వారా వెలుపలికి రప్పింపవచ్చునను ఊహ 1923లో జర్మనీయందలి వ్యూర్ట్స్‌బర్గు నగరమున గేయార్గ్ గాంటర్ అను వైద్యునిచే తొలిసారి మానవదేహమునందు పరీక్షింపబడెను. అంతకు చాల పూర్వమే, 1744 ప్రాంతమున, ఇంగ్లండులో క్రిస్టఫర్ వారిక్ అను శస్త్రవైద్యుడు జలోదరముతో బాధపడు నొక స్త్రీ కడుపులోనికి బ్రిస్టల్ ఊటనీటిని ద్రాక్షాసవముతో కలిపి ఎక్కించిన ఉదంతము కలదు గాని, అది సాహసమే తప్ప శాస్త్రము కాదు. ఈ చికిత్స చరిత్రను పరికించినకొలది నాకు తోచున దేమనగా, దీని పురోగతి యంతయు ఉపద్రవముల వెంటనే నడచినది. ఒక ఉపద్రవమును జయించినపుడెల్ల దాని చాటున దాగియున్న మరియొకటి కంటబడుచు వచ్చినది.

1946లో బోస్టన్ నగరమున ఫైన్, ఫ్రాంక్, సెలిగ్మన్ అను మువ్వురు ఒక గొట్టము ద్వారా ద్రవమును లోనికి పంపుచు, మరియొక దానిద్వారా ఎడతెగక వెలికి తీయుచు, మూత్రము స్తంభించిన యొక రోగిని బ్రతికించిరి. అయితే ఆ పద్ధతిలో ద్రవము కారుటయు, సూక్ష్మజీవులు చొరబడుటయు నిత్యభయములుగ నుండెను. 1959లో మార్టన్ మాక్స్‌వెల్ ఒకే గొట్టముతో సీసాలనుండి రెండు లీటర్ల ద్రవము నెక్కించి, కొంతసేపు నిలిపి, ఆ సీసాలనే నేలపై దించి ద్రవమును తిరిగి రాబట్టు సులభమార్గమును చూపెను. దీర్ఘకాలపు రోగులకు గొట్టమును లోపలనే ఉంచినచో చీము పట్టుచుండుటచే, సియాటిల్‌లో ఫ్రెడ్ బోయెన్ ప్రతి పర్యాయమును కడుపును క్రొత్తగ గ్రుచ్చి, పని ముగిసినంతనే గొట్టమును తీసివేయు పద్ధతి నవలంబించెను. ఈ కష్టమును తొలగించినవాడు అచ్చటివాడే యైన హెన్రీ టెంకాఫ్. 1968లో అతడు ప్రకటించిన సిలికోన్ గొట్టమునకు రెండు డాక్రాన్ పట్టీలు గలవు. చర్మము క్రింది కణజాలము వానిలోనికి అల్లుకొని పెరిగి, వెలుపలి క్రిములకు దారి మూయును.

1976లో ఆస్టిన్‌నందు పొపోవిచ్, మాంక్రీఫ్ అనువారు, రోజునకు నాలుగైదు మారులు రెండేసి లీటర్ల ద్రవమును మార్చుకొనుచు రోగి ఇంటిపట్టుననే యుండవచ్చునని గణితము వేసి చూపిరి. వారి తొలి నివేదికను ఒక శాస్త్రసభ తిరస్కరించెనట. శాస్త్రసభలకును పొరపాట్లు లేకపోలేదు! అయితే గాజుసీసాలను పలుమార్లు తగిలించి విప్పుటలో, క్రిములు చేరి పెరిటోనియము వాచు పెరిటొనైటిస్ విజృంభించినది. టొరంటోలో ఒరియోపొలస్ ప్లాస్టిక్ సంచులను వాడి, ఖాళీయైన సంచిని చుట్టచుట్టి దుస్తుల క్రింద దాచుకొని, దానిలోనికే ద్రవమును దించుకొను ఏర్పాటు చేయుటతో గొట్టమును విప్పవలసిన మారులు తగ్గెను. పిదప ఇటలీలోని పెరూజియాయందు బువోన్‌క్రిస్టియానీ పంగలగొట్టమును ప్రవేశపెట్టి, ముందు కడిగి పిదప నింపుమనెను. తగిలించునపుడు చేరిన క్రిములు కడుపులోనికి పోవుటకు మారుగా పారబోయు సంచిలోనికి కొట్టుకొనిపోవును. మన దేశమున 1991లో ఇంటిపట్టున ద్రవమును మార్చుకొను ఈ చికిత్స ఆరంభమగునప్పటికే ఈ పాఠము సిద్ధముగ నుండెను. నేడును మన యిండ్లలో మండువేసవిలో సైతము ఫ్యాను ఆపి, తలుపులు మూసి, మాస్కు కట్టుకొని, చేతులు రుద్దికడిగి గాని సంచి ముట్టరు.

పెరిటొనైటిస్‌ను నిర్ణయించుటకు కన్నే తొలి సాధనము. దిగిన ద్రవముగల సంచిని అచ్చుకాగితముపై నుంచినపుడు అక్షరములు స్పష్టముగ చదువవచ్చినచో క్షేమము. మసకబారినచో ఆలస్యము కూడదు. కనీసము రెండు గంటలు కడుపులో నిలిచిన ద్రవమున ఘన మిల్లీమీటరునకు నూరునకు మించి తెల్లకణములుండి, అందు సగమునకు పైగా న్యూట్రోఫిల్సే యైనచో పెరిటొనైటిస్ అని భావింతురు. అయితే ప్రతి మసకయు క్రిమిదోషము కాదు; కొన్ని రక్తపోటు మందులవలన పాలవలె తెల్లని ద్రవము దిగును, ఋతుసమయమున ఎఱ్ఱబారును. ఇన్ని లీటర్ల నీటిలో క్రిములు చెదరిపోవుటచే పూర్వము పరీక్షలు తరచు శూన్యమగుచుండెను. ద్రవమును నేరుగ రక్తపరీక్షకు వాడు కల్చర్ సీసాలలోనికి ఎక్కించుట ఈ లోపమును చాలవరకు సరిదిద్దినది. ఫలితము వచ్చువరకు వేచియుండక, మందును సంచిలోనే కలిపి కడుపులోనికి పంపుదురు. బూజుజాతి క్రిములైనచో గొట్టమును వెంటనే తీయవలయును. కాపాడవలసినది పొరను గాని గొట్టమును గాదు.

యాంత్రికోపద్రవములు అనేకము: గిలక (హెర్నియా), లీకు, గొట్టము స్థానభ్రంశము. ద్రవము దిగకున్నచో ఎక్స్‌రేతోబాటు మలబద్ధకమును విచారించుట మేలు. పలుమారులు విరేచనకారియే గొట్టమును దారికి తెచ్చును.

క్రిమిదోషము తగ్గి రోగులు ఏండ్ల తరబడి జీవించుట కారంభించిన పిమ్మట పొర జీర్ణించుట బయటపడెను. 1987లో ట్వార్డోవ్‌స్కీ నాలుగు గంటల పరీక్షతో పొర స్వభావమును కొలిచెను. నీటిని లాగుటకై ద్రవమందు కలిపిన చక్కెర వేగముగ రక్తమున కెక్కువారిలో ఆ లాగు శక్తి త్వరగా క్షీణించును. అట్టివారికి 1990లలో వచ్చిన ఐకోడెక్‌స్ట్రిన్ అను పిండిపదార్థపు ద్రవము మేలు చేసినది. కాని దీనివలన రక్తమున చేరు మాల్టోసును కొన్ని గ్లూకోమీటర్లు గ్లూకోజుగా లెక్కించి చూపగా, అనవసరముగ ఇన్సులిన్ పొందిన రోగులకు ప్రాణాపాయములు సంభవించినవి.

వీటన్నిటిలో క్రూరమైనది, ప్రేగులను గట్టిపొర చుట్టివేయు స్క్లీరోసిస్. ఇది ఏండ్లకొలది చికిత్స పొందినవారికి, తరచు డయాలిసిస్ మానినపిదప, మూత్రపిండము మార్చినపిదప కూడ, వాంతులు, కడుపునొప్పి, కృశత్వములతో బయటపడును, సీ.టీ. స్కాన్ గుర్తించును. టామాక్సిఫెన్, స్టెరాయిడ్లు కొందరికి ఉపకరించుచున్నవి. జపానులోని హిరోషిమా శస్త్రవైద్యులు ప్రేగులపైనున్న ఆ పొరను గంటలకొలది ఓపికతో ఒలిచి, అది తిరిగి చుట్టుకొనకుండ ప్రేగులను వరుసగా కలిపి కుట్టుటయు నేర్చిరి.