పునరుక్తి – అర్థం, ప్రయోగం

చెప్పిన విషయాన్నే అవసరం లేకుండా మరల చెప్పడాన్ని 'పునరుక్తి' అంటారు. 'పునః' అనగా మరల. 'ఉక్తి' అనగా పలుకు. మాట మారినా అర్థం మారనప్పుడు అది కూడా పునరుక్తియే.

శుభలేఖల్లో తరచూ కనిపించే 'సకుటుంబ సమేతంగా' ఇందుకు చక్కని ఉదాహరణ. 'స' అంటేనే 'కూడిన' అని అర్థం. కనుక 'సకుటుంబంగా' అన్నా, 'కుటుంబ సమేతంగా' అన్నా చాలును. 'బడి మళ్ళీ పునఃప్రారంభమైంది' అనే వాక్యంలో 'మళ్ళీ' అనవసరం.

దీనికి దగ్గరి మాటలు రెండున్నాయి. నమిలినదానినే నమలడం చర్విత చర్వణం. పిండినే మరల పిండి చేయడం పిష్టపేషణం. పాత విషయాన్నే తిరగవేసే ప్రసంగాలకు, రచనలకు ఈ రెండూ వాడతారు.

అయితే రెండుసార్లు పలికినదంతా దోషం కాదు. శ్రీపెరుంబుదూరులో జన్మించి, నేటి చెన్నైలోని ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి తన 'బాలవ్యాకరణం'లో ఆమ్రేడితాన్ని వివరించారు. ఒక పదం రెండుసార్లు వచ్చినప్పుడు రెండవ రూపమే ఆమ్రేడితం. పగలు, పగలు కలిసి 'పట్టపగలు' అవుతుంది. నడుమ, నడుమ కలిసి 'నట్టనడుమ' అవుతుంది. ఇవి భాషకు బలమే గాని బరువు కావు.

సరిహద్దు గ్రామాల పిల్లలు బడిలో చదివే తమిళంలోనూ ఈ భేదం ఉంది. పవణంది రచించిన 'నన్నూల్' వ్యాకరణం గ్రంథానికి చెప్పిన పది దోషాలలో 'కూఱియదు కూఱల్', అనగా చెప్పినదే చెప్పడం, ఒకటి. భయంలోనో తొందరలోనో 'పాంబు, పాంబు' అని అరిస్తే మాత్రం అది 'అడుక్కుత్తొడర్', దోషం కాదు. తెలుగువారు 'పాము, పాము' అని కేక వేయడమూ అటువంటిదే.

ఈ భేదం గుర్తించక పిల్లల వ్రాతలో జంటపదాలన్నింటినీ కొట్టివేస్తే, ఇంటి భాషలోని జీవం పోతుంది. పరీక్ష సులభం: ఒక మాట తీసి చూడాలి. అర్థం చెడకపోతే అది పునరుక్తి. 'ఇంటింటికీ' అనేది 'ఇంటికి'గా మారి భావం తగ్గితే, ఆ రెండవ మాట అవసరమైనదే.