చెప్పులకు కాపలా

మా పెద్దమామయ్యకు పసితనంలోనే పోలియో సోకి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. సెలవులకు చెన్నపట్నం వెళ్ళినప్పుడల్లా సాయంకాలం ఇంటిల్లిపాదీ మెరీనా తీరానికి బయలుదేరేవాళ్ళం. ఆయన చక్రాల కుర్చీ మాత్రం కాలిబాట అంచున ఆగిపోయేది. "మీరు వెళ్ళి రండర్రా, చెప్పులు నేను చూస్తుంటాను" అనేవారు. ఆ మాటను ఆయన మంచితనంగానే భావించి మేము అలలవైపు పరుగులు తీసేవాళ్ళం. ఆయనను అక్కడ ఆపినది కాళ్ళు కాదు, ఇసుక అన్న సంగతి నాకు తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఇసుకను దాటడానికి మనుషులకు ఎంతకాలం పట్టిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెరీనా విహారమార్గాన్ని 1884లో నిర్మింపజేసినవాడు అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్. నగరవాసులు సాయంత్రపు గాలికి నడవడానికీ, బండ్లలో షికారు తిరగడానికీ అది ఏర్పడింది. ఆ కాలంలోనే ఇంగ్లండు సముద్రతీర పట్టణాలలో రోగులనూ వృద్ధులనూ 'బాత్ చెయిర్' అనే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తిప్పేవారు. 18వ శతాబ్దం మధ్యలో బాత్ నగరవాసి జేమ్స్ హీత్ దానిని రూపొందించాడు. దానికి వెనుకనుంచి నెట్టే మనిషి కావాలి, కింద గట్టి బాట కావాలి. బాట ముగిసినచోట విహారమూ ముగిసేది.

1933లో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు మడతపెట్టి కారులో వేసుకోదగిన ఉక్కు కుర్చీని తయారుచేశారు. ఎవరెస్ట్ స్వయంగా గని ప్రమాదంలో వెన్ను విరిగినవాడు. ఆ కుర్చీతో ఇల్లు విడిచి దూరం వెళ్ళడం సాధ్యమైంది. అయినా ఇసుక లొంగలేదు. మనిషి బరువంతా సన్నని చక్రాల మీద పడుతుంది. ముందున్న చిన్న చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి. ఎంత బలంగా నెడితే అంత లోతుకు దిగబడతాయి. దీనికి రెండే ఉపాయాలు. వెడల్పైన గాలి చక్రాలు అమర్చి బరువును పరవడం ఒకటి, ఇసుక మీద దారి పరవడం రెండవది. రెండూ మహా విజ్ఞానమేమీ కాదు. కావలసినది, ఇటువంటివారు కూడా సరదాకు సముద్రానికి వస్తారన్న తలపు.

ఆ తలపు రావడమే ఆలస్యమైంది. వెన్నుపాము దెబ్బతిన్నవారిని మంచానికి అప్పగించి ఆశ వదులుకునే రోజులలో, 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగానికి అధిపతిగా వచ్చాడు లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు. 1948 జూలై 29న, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన నాడే, ఆ ఆసుపత్రి పచ్చికపై 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చుని విలువిద్య పోటీలో పాల్గొన్నారు. పారాలింపిక్ క్రీడలకు అదే బీజం. కాని అక్కడ కూడా ఆట చికిత్సలో భాగంగానే మొదలైంది. ఏ ప్రయోజనమూ చెప్పుకోనక్కరలేని వట్టి ఆనందానికి ఇంకా గుర్తింపు రావలసి ఉంది.

మన చట్టాలలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రత్యేక వినోద కేంద్రాలకు రాయితీ ధరలకు స్థలం ఇవ్వాలన్నది. ఉద్దేశం మంచిదే, కాని ఆ ఊహలో ఊరి వినోదం ఒకచోట, వారి వినోదం మరొకచోట. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం వినోదాన్నీ విరామాన్నీ క్రీడలనూ ఇతరులతో సమానమైన హక్కుగా ప్రకటించింది. భారతదేశం 2007లో దానిని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం అందరితో సమానంగా వినోదంలో పాల్గొనడం గురించి మాట్లాడింది. సముద్రం ఒకటే అయినప్పుడు 'ప్రత్యేక సముద్రం' కట్టలేం గదా!

మెరీనాలో చాలాకాలం ఈ సమానత్వం ఏడాదికి ఒక పండుగలా వచ్చిపోయేది. డిసెంబర్ 3, అంతర్జాతీయ వికలాంగుల దినం సందర్భంగా తాత్కాలికంగా దారి పరిచేవారు, తరువాత తీసేసేవారు. శాశ్వతమైన దారి కావాలని వికలాంగుల సంఘాలు పట్టుబట్టాయి. చివరకు 2022 నవంబర్ 27న 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పుగల కొయ్య దారి ప్రారంభమైంది. రెండు వారాలు తిరగకముందే, డిసెంబర్ 9 రాత్రి తీరం దాటిన మాండూస్ తుఫాను దానిని దెబ్బతీసింది. తరువాత మరమ్మతు చేసి తిరిగి తెరిచారు. ఆ మరమ్మతు వార్తే నాకు ప్రారంభోత్సవం కన్న విలువైనదిగా తోచింది. కొట్టుకుపోయిన రహదారిని మళ్ళీ వేయడం దయ అని ఎవరూ అనరు. ఈ దారికి కూడా ఆ మర్యాద దక్కిందన్నమాట.

ఇటువంటి దారి ఒక్కరికోసం వేసినా అందరికీ పనికివస్తుంది. కృష్ణా గోదావరీ తీరాలలో స్నానఘట్టాల మెట్లు దిగలేక, పైనుంచే నదికి దండం పెట్టి వెనుదిరిగే ముసలివారిని మనం చూడలేదా? మెట్టు పక్కన ఏటవాలు దారి ఉంటే, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల నిడివి చొప్పున, వారూ నీటిని చేరుకుంటారు.

మామయ్య ఈ దారిని చూడకుండానే వెళ్ళిపోయారు. మొన్నొక సాయంత్రం నేను దాని చివరిదాకా నడిచాను. నీటికి కొంచెం ఇవతలే అది ఆగుతుంది. ఒక అమ్మాయి తన చక్రాల కుర్చీలో అక్కడ కూర్చుని అలలను చూస్తోంది. తమ్ముడు కాబోలు, దోసిలితో నీళ్ళు తెచ్చి ఆమె పాదాలపై పోస్తుంటే కసురుతూ నవ్వుతోంది. వాళ్ళ చెప్పులు ఎక్కడో దారి మొదట్లోనే పడి ఉన్నాయి. వాటికి కాపలా ఎవరూ లేరు.