స్తంభం నుంచి గోడ దాకా

మా కోనసీమకి కేబుల్ వ్యాపారం 1990ల మొదట్లో వచ్చింది. డాబా మీద పెద్ద డిష్ బిగించి, కొబ్బరిచెట్ల మధ్య నుంచి నల్ల వైరు లాగి ఇంటింటికీ బొమ్మ ఇచ్చేవాళ్లం. అప్పట్నుంచీ లైను మీదే బతికాను కాబట్టి, పేదింటికి నెట్ వచ్చిన చరిత్రను నేను కరెంటు స్తంభం దగ్గర నిలబడి చెబుతాను.

2011 అక్టోబరులో కేంద్రం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కి ఆమోదం తెలిపింది. తర్వాత దాని పేరే భారత్‌నెట్ అయింది. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయాలన్నది లక్ష్యం. పెద్ద పనే, కాదనను. కానీ పంచాయతీ ఆఫీసు నుంచి ఊరి చివర కాలనీ దాకా లాగే పనిని సర్వీసు కంపెనీలకు వదిలేశారు. నాలుగు రూపాయలు రాని వీధిలోకి కంపెనీ ఎందుకొస్తుంది?

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వచ్చింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. డేటాకి డబ్బు పడేది కాదు, కానీ వాళ్లు చేర్చిన సైట్లే తెరుచుకునేవి. అదే తర్వాత ఫ్రీ బేసిక్స్ అయింది. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి వేర్వేరు ధరల పద్ధతిని నిషేధించింది. ఆ నిర్ణయం న్యాయమైనదని ఇప్పటికీ నమ్ముతాను. పేద పిల్లాడికి వసారా చూపించి ఇదే ఇల్లని చెప్పకూడదు.

మా వైపు అసలు మార్పు రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఏపీ ఫైబర్‌తో వచ్చింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. తవ్వితే వేల కోట్లయ్యేది సుమారు 333 కోట్లతో తేలింది. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరిలో ఇళ్లకు కనెక్షన్లిచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని లాంఛనంగా ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్. ఉచితం కాదు గానీ, కూలి చేసుకునే ఇల్లు కూడా ఆలోచించగలిగిన ధర. ఇంటికి చేర్చే పని మా కేబుల్ ఆపరేటర్ల మీద పడింది.

ఆ పని మాకు కొత్త. పాత వైరయితే బ్లేడుతో తొడుగు గీకి కనెక్టర్ బిగిస్తే బొమ్మ వచ్చేసేది. ఫైబర్ అలా లొంగదు. లోపలి గాజు పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాన్ని ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో నిటారుగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో రెండు కొనలూ ఎదురెదురుగా పెట్టాలి. తెర మీద చిన్న మెరుపు మెరుస్తుంది, రెండూ కరిగి అతుక్కుంటాయి. ఆపైన, ముందే తొడిగి ఉంచిన స్లీవ్‌ను అతుకు మీదికి జరిపి వేడి చేయాలి. కొన మీద దుమ్ము రేణువున్నా సిగ్నల్ పడిపోతుంది. ఇదంతా చాలాసార్లు రోడ్డు పక్కన, గొడుగు కింద. ఇంత చేశాక కొబ్బరి మట్ట పడుతుంది, లేదా ఉడత కొరుకుతుంది. “బాబాయ్, నెట్ రావట్లేదండి” అని ఫోను. నిచ్చెన భుజాన వేసుకుని మళ్లీ బయల్దేరాలి.

2020లో కరోనాతో బళ్లు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, కొందరు అయ్యవార్లు ఫోన్లలో చెప్పేవారు. కూలి లేక నెల డబ్బు కట్టలేని ఇళ్ల లైను నేను తీయలేదు. వాళ్ల మీద దయతోనే కాదు, ఆ పిల్లల చదువు ఆగడం నాకు ఇష్టం లేదు. ఆ నెలల్లో నా దగ్గర పనిచేసే కుర్రాళ్ల జీతాలు మాత్రం ఆగలేదు, అప్పు తెచ్చి ఇచ్చాను.

పేదింటికి నెట్ చేర్చడంలో కేరళ మనకన్నా ముందడుగు వేసింది. 2023 జూన్ 5న కె-ఫోన్ అనే తన ఫైబర్ నెట్‌వర్క్‌ని ప్రారంభించి, 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా నెట్ ఇస్తామంది. అక్కడా స్తంభాలు విద్యుత్ బోర్డువే. తొలి విడతగా నియోజకవర్గానికి వంద చొప్పున 14,000 ఇళ్లను ఎంచుకుని, ఆ పనిని కేబుల్ ఆపరేటర్లే పెట్టుకున్న కేరళ విజన్‌కి అప్పగించారు. 14,000కీ 20 లక్షలకీ మధ్య దూరమంతా స్తంభం నుంచి గోడ దాకా లాగాల్సిన వైరే. మన రెండు రాష్ట్రాల్లో ఎవరు ఉచిత కనెక్షన్ ప్రకటించినా, ఇంట్లో పెట్టే బాక్సు ఖరీదు పక్కనే నెలనెలా నిచ్చెన ఎక్కే కుర్రాడి జీతం కూడా బడ్జెట్‌లో రాయాలని అడుగుతున్నాను.