రెండో బోరు, మూడో బోరు

ఇంజిన్ హెడ్ ఇంకా దించలేదు. మేం వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దని నిన్న రాత్రి ఫోన్లో చెప్పాం, షెడ్డువాళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఈ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే ఇక్కడి నుంచి జరిగేదంతా వాదనే.

2022 జులై నెలాఖరు. యానాంలో ఓ మెకానిక్ షెడ్డు. పైన రేకులు, కింద ఉక్క. లోపల ఆరు కార్లుంటే ఆరింటికీ తలుపుల మీద ఒకే ఎత్తున బురద గీత. పివై 04 నంబర్ల పక్కనే ఏపీ 05, ఏపీ 39 బళ్లు. గోదారి వంతెనకు అటూ ఇటూ వేర్వేరు ప్రభుత్వాలైనా వరదకు ఆ లెక్క లేదు. సీట్లు పీకి ఎండలో వేశారు. షెడ్డంతా డీజిల్ వాసన కంటే ఒండ్రు వాసనే ఎక్కువగా ఉంది.

మా బావది ఎదుర్లంక, అంటే వంతెనకు అవతల, కోనసీమ. అతని డీజిల్ కారు ఇక్కడికి రికవరీ వ్యాన్ మీద వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే ఫోను: మూడో సిలిండర్ కనెక్టింగ్ రాడ్డు వంగింది, ఇంజిన్ విప్పాలి, ఖర్చు చాలా అవుతుంది.

"చూడండి బాబూ," అంటున్నారు షెడ్డు ఓనరు గారు. చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు గానీ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "బండి నీళ్లలో మునిగింది. నీళ్లలో ఉండగా సెల్ఫ్ కొట్టుంటారు. రాడ్డు వంగింది. మేం చేసిందేముంది?"

"నేను తాళమే పెట్టలేదండి," అంటాడు బావ.

"అందరూ అదే అంటారండి."

ఈ మాట బావకు చురుక్కుమంది. మొహం ఎర్రబడింది. భుజం మీద చెయ్యి వేశాను. ఇక్కడ కోప్పడితే వాళ్లు గబగబా హెడ్ దించేస్తారు, పార్టులు డీజిల్లో కడిగేస్తారు, ఆ తర్వాత చూడ్డానికి ఏమీ మిగలదు.

నీళ్ల సంగతి చెప్పాలి. ఆ జులై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు లేచింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు చూసిన తర్వాత అంత నీరు మళ్లీ రావడం అదే. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఆ నీరు పాయలుగా చీలి, గౌతమి పాయ మా రెండు ఊళ్ల మధ్య నుంచే సముద్రానికి పోతుంది. యానాంలో వీధులు మునిగాయి, అటువైపు లంకలు మునిగాయి. ఎదుర్లంకలో బావ వాళ్ల దొడ్లో నీళ్లు కారు బానెట్ దాకా వచ్చి, రోజుల తరబడి నిలిచాయి.

అలా నిలిచిన నీరు ఎయిర్ ఫిల్టర్ గుండా ఇంజిన్‌లోకి దూరుతుంది. మెకానిక్కులందరికీ తెలిసిన ప్రమాదం ఇదే. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే, పక్క సిలిండరు ఒకటి అంటుకుని ఆ ఊపుతో పిస్టన్‌ని పైకి తోస్తుంది. పైన నీరు అడ్డం. ఎక్కడో ఒకచోట లొంగాలి, రాడ్డు లొంగుతుంది. అందుకే మునిగిన డీజిల్ బండి వస్తే ముందు ఇంజెక్టర్లు గానీ హీటర్ ప్లగ్గులు గానీ ఊడదీయాలి. క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పాలి. నీళ్లు చిమ్ముకుంటూ బయటికి పోతాయి. ఆ తర్వాతే సెల్ఫు. గంటా రెండు గంటల పని. ఆరు బళ్లు వరుసలో ఉంటే ఆ గంటే భారమవుతుంది. వరద వెళ్లిన వారం ఏ షెడ్డులోనైనా ఇదే పరిస్థితి.

ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. సీట్లు, వైరింగు, క్లీనింగు వరద నష్టం కాబట్టి పాలసీలోకి వస్తాయన్నాడు. రాడ్డు మాత్రం రాదన్నాడు. నీళ్లు చేరడం వరద వల్ల, రాడ్డు వంగడం ఆ తర్వాత ఎవరో స్టార్ట్ చేయడం వల్ల. దాన్ని పర్యవసాన నష్టమంటారు, మామూలు పాలసీ దాన్ని భరించదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా డబ్బు కట్టి తీసుకునే కవరు ఉంటేనే వస్తుంది. బావకు అది లేదు. కాబట్టి మిగిలింది ఒక్కటే ప్రశ్న: సెల్ఫ్ కొట్టిందెవరు?

"ఇప్పుడు దించండి," అన్నాను.

మేస్త్రి పెద్దాయన, చేతులకు తొందర లేదు. హెడ్ బోల్టులు మధ్య నుంచి కాకుండా చివర్ల నుంచి, కొంచెం కొంచెంగా వదులు చేస్తున్నాడు. పద్ధతి తెలిసిన మనిషి. కుర్రాడు ఇటు పట్టుకోగా హెడ్ లేచింది. గ్యాస్కెట్ సగం బ్లాకుకే అంటుకుని ఉండిపోయింది. నాలుగు బోర్లూ బయటపడ్డాయి.

కుర్రాడు గుడ్డ ముక్క డీజిల్లో ముంచి తుడవబోయాడు. "ఒద్దు బాబూ, ఆగు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. వాడు బెదిరిపోయాడు. సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందు ఫోటోలు తీశాం. ఒక్కో బోరుకూ విడిగా, పక్కన స్టీలు స్కేలు పెట్టి.

మీరూ వంగి చూడండి. ఒకటో బోరూ నాలుగో బోరూ కాస్త జిడ్డుగా, బాగానే ఉన్నాయి. రెండో బోరులో గోడ చుట్టూ ఒక సన్నని తుప్పు గీత ఉంది, ఎవరో పెన్సిలుతో గుండ్రంగా గీసినంత సమంగా. మూడో బోరులో ఇంకా ముదురుగా, ఎర్రగా అదే గీత. నీళ్లు నిలిచిన రోజుల్లో పిస్టన్ రింగులు ఎక్కడ ఆగాయో ఆ చోట గోడకు తుప్పు పట్టింది. బోరు పోత ఇనుము కదా, తడి తగిలితే రోజుల్లోనే పడుతుంది.

"రెండూ మూడూ కలిసే కదులుతాయి కదండీ?" అని అడిగాను మేస్త్రిని.

"ఆయ్. ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జత. జతలో ఒకటి పైకెళ్తే దాని జోడీ కూడా పైకే."

"అయితే ఈ రెండు గీతలూ పై నుంచి ఎంత లోతులో ఉన్నాయో కొలవండి."

వెర్నియర్ తెచ్చాడు. బ్లాకు పైభాగం మీద దాని వెనక భాగం ఆనించి, సన్నని పుల్ల లోపలికి దించాడు. ముందు రెండో బోరు. నాలుగు వైపులా కొలిచి చెప్పాడు. తర్వాత మూడో బోరు. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ కొలిచాడు. రెండు గీతలూ ఒకే లోతులో ఉన్నాయి.

"ఇప్పుడు క్రాంక్ తిప్పి రెండు పిస్టన్లూ పైకి తీసుకురండి."

స్పానర్ వేసి మెల్లగా తిప్పాడు. రెండో పిస్టన్ బ్లాకు అంచు దాకా వచ్చి నిలిచింది. మూడోది దాని కంటే సుమారు మూడు మిల్లీమీటర్లు కిందే ఆగిపోయింది. వేలు పెడితే తెలుస్తోంది, కొలవక్కర్లేదు. రాడ్డు వంగితే పొట్టిదవుతుంది, పిస్టన్ పైదాకా రాదు.

షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెప్పింది మేస్త్రే. ఆయన ఓనరు వైపు చూడలేదు, ఇంజిన్ వైపే చూస్తూ చెప్పాడు. "నీళ్లు నిలబడ్డప్పుడే రాడ్డు వంగుంటే మూడో గీత కిందకి ఉండాలండి. రెండూ సమానంగా ఉన్నాయంటే అప్పటికి రాడ్డు బాగుంది."

ఓనరు గారు తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. ఇంకో ప్రశ్న మిగిలే ఉంది, సరైన ప్రశ్నే. "సరేనండీ, నీళ్లలో కొట్టలేదు. నీళ్లు తీశాక, వ్యాన్ ఎక్కించే ముందు ఒకసారి కొట్టి చూశారేమో? అదీ కుదురుతుంది కదా."

కుదురుతుంది. గీతలు ఆ సంగతి చెప్పలేవు. అక్కడ పనికొచ్చింది జాబ్ కార్డు.

వరద హెచ్చరిక రాగానే బావ కారు బ్యాటరీ విప్పి అటక మీద పెట్టాడు. నీళ్లు తగ్గాక బురదలోంచి బండి లాగించడమే గొడవైపోయి, బ్యాటరీ ఊసే ఎత్తలేదు. బండి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ కుర్రాడే జాబ్ కార్డు రాశాడు. పసుప్పచ్చ కాపీ బావ జేబులో ఉంది, మడతల దగ్గర చిరిగింది. స్టెప్నీ ఉంది. జాకీ ఉంది. మ్యూజిక్ సిస్టమ్ తడిసింది. గేరు న్యూట్రల్. బ్యాటరీ లేదు. ఆ రెండు మాటలూ కుర్రాడి చేతిరాతలోనే ఉన్నాయి, కింద షెడ్డు స్టాంపు.

ఓనరు గారు కార్డు పట్టుకుని చాలాసేపు చదివారు. కుర్రాడు పక్కకు తప్పుకున్నాడు. వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు, అడగనివ్వకూడదనే నాకు గట్టిగా అనిపించింది. నెలకింతని జీతానికి పనిచేసే పిల్లాడు. పనిలో పెట్టుకున్నవాడిది ఆ బాధ్యత, పిల్లాడిది కాదు.

"మా బ్యాటరీ వేసి చూసుంటారు," అన్నారు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు.

ఇక చట్టం ఎత్తాల్సి వచ్చింది, బెదిరించడానికి కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మన వస్తువు ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త వాళ్లూ తీసుకోవాలి. బాగున్న రాడ్డు అప్పగించామని మనం చూపిస్తే, జాగ్రత్తగానే ఉన్నామని చూపించాల్సిన వంతు వాళ్లది. అదే చట్టం 170వ సెక్షన్ షెడ్డువాళ్లనూ కాపాడుతుంది: చేసిన పనికి కూలి ముట్టేదాకా బండి తమ దగ్గరే ఉంచుకోవచ్చు. కాబట్టి "డబ్బివ్వను, బండి తీసుకెళ్తా" అనడం కుదరదు. బిల్లులో ఏది ఒప్పుకుంటామో, ఏది ఒప్పుకోమో విడివిడిగా రాసుకోవాలి.

వినియోగదారుల కమిషన్ మాట కూడా వచ్చింది. సేవలో లోపం ఉందని ముందు నిరూపించాల్సింది ఫిర్యాదు చేసినవాడేనని ఎస్‌జీఎస్ ఇండియా కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. గుడ్డతో తుడిచేసుంటే మా దగ్గర ఏం నిరూపణ ఉండేది? ఇంకో సంగతి వంతెన అవతలివాళ్లకు ముఖ్యం. పాత 1986 వినియోగదారుల చట్టం కింద, ఎవరి మీద ఫిర్యాదో వాళ్లున్న చోటో, వ్యవహారం జరిగిన చోటో వెయ్యాల్సి ఉండేది. యానాం షెడ్డు మీద కేసంటే పుదుచ్చేరి దారి, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన. ఒక రాడ్డు కోసం అంత దూరం ఎవరు పోతారు? 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం 34వ సెక్షన్, ఫిర్యాదుదారుడు నివసించే చోటే వేసుకోవచ్చంది. ఎదుర్లంక మనిషి తన జిల్లా కమిషన్లోనే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు. చెల్లించిన మొత్తం 5 లక్షల్లోపైతే ఫీజు కూడా లేదు.

ఇదంతా ఓనరు గారికి చెప్పాం. ఆయన విన్నారు. "కోర్టు దాకా ఎందుకండీ, మనం మనం," అన్నారు. ఆ మాట నిజమే. రోజూ వంతెన మీద ఎదురుపడేవాళ్లం. కానీ మనం మనం అనుకుని నోటి మాటగా వదిలేస్తే వచ్చే నెల మళ్లీ ఇదే గొడవ. ఎస్టిమేటు తెమ్మన్నాం, పెన్ను తీశాం.

ఒక్కో వరుసా చదువుతూ పోయాం. కొత్త రాడ్డు, బేరింగులు, పిస్టన్: షెడ్డువి. హెడ్ గ్యాస్కెట్ మీద పేచీ వచ్చింది. హెడ్ దించింది రాడ్డు కోసమే కదా అన్నాడు మేస్త్రి, అదీ షెడ్డు ఖాతాలోకి వెళ్లింది. హెడ్ దించి ఎక్కించే కూలి కూడా. ఇంజెక్టర్లు ఊడదీసి శుభ్రం చేయడం, ఆయిలు, ఫిల్టర్లు, వైరింగు, సీట్లు వరదవి. ఇన్సూరెన్స్ ఇచ్చినంత ఇస్తుంది, మిగతాది బావది. రెండు, మూడు బోర్ల తుప్పు తీయడానికి హోనింగు. అది గోదారి చేసిన పని అని బావే ముందు అన్నాడు. ఆ మాటతో ఓనరు గారి మొహంలో బిగువు తగ్గింది. తనది కానిది ఎదుటివాడి మీద రుద్దననే మనిషితో మాట్లాడటం ఎవరికైనా సులువే.

"కొత్త బ్యాటరీ" అని ఓ వరుస ఉంది. బ్యాటరీ అటక మీద ఉందిగా అన్నాడు బావ. కొట్టేశారు.

పాత రాడ్డు మాకే ఇవ్వాలని రాయించాం. పార్టు రాజమండ్రి నుంచి రావాలట, వచ్చే వారం అన్నారు. ఎస్టిమేటు వెనక్కి తిప్పి ఆ తేదీ కూడా వేయించి, ఇద్దరి సంతకాలూ స్టాంపూ పడ్డాక ఒక కాపీ తీసుకున్నాం.