యవన నాణేలకు కళింగ వారసులు: పూరీ-కుషాణు నాణేలు

నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ప్రాచీన కళింగంలోని దక్షిణ భాగం. యవన రాజులతో కళింగ సంబంధాన్ని చర్చించేవారు సాధారణంగా అశోకుని 13వ శిలాశాసనంతో ప్రారంభిస్తారు. కళింగ యుద్ధాన్ని తెలిపిన ఆ శాసనంలోనే అంతియోకుడు, తురమాయుడు మొదలైన అయిదుగురు యవన రాజుల ప్రస్తావన ఉంది. అయితే కళింగంలోని ధౌలి, జౌగడ శిలలపై ఆ శాసనం లేదు. ఆ రాజుల పేర్లు చేరని ఈ నేలకు వారి నాణేల సంప్రదాయం మాత్రం చేరింది.

1858లో గంజాం ప్రాంతాన, జౌగడకు సమీపంలోని పురుషోత్తమపురంలో దొరికిన రాగి నాణేలను వాల్టర్ ఇలియట్ లోకానికి తెలిపాడు. తరువాత పూరీ ప్రాంతంలోనూ ఇటువంటివే లభించడంతో వీటికి పూరీ-కుషాణు నాణేలన్న పేరు స్థిరపడింది. ఒకవైపు రాజు, మరోవైపు దేవత ఉండే పద్ధతిని కుషాణులు బాక్ట్రియా యవనుల నుంచి గ్రహించారు. కనిష్కుని తొలి నాణేలపై గ్రీకు భాషే కనిపిస్తుంది. ఆ కుషాణు రాగి నాణేలకు అనుకరణలే ఇవి. వీటిలో రూపాలు మొరటుదేరాయి. చాలావాటిపై అక్షరాలే లేవు, కొన్నిటిపై ‘టంక’ అన్న మాట ఉంది.

అక్షరాలు లేని నాణేనికి దొరికిన చోటే సాక్ష్యం. 1948లో శిశుపాలగఢ్ తవ్వకాలలో మట్టిపొరల క్రమంలో లభించినందువల్లనే వీటి కాలనిర్ణయానికి గట్టి ఆధారం ఏర్పడింది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. ఊరిపేరు నమోదు కాకుండా చేతులు మారిన నాణెం సేకరణలో మిగలవచ్చు గాని, కళింగ చరిత్రకు దక్కదు.